కేసు కొట్టేశారు కాబట్టి పరిహారం లేదా? తిరస్కరణపై అప్పీలుకు ఉన్న దారి

"నిందితులపై నేరం రుజువు కానందున దరఖాస్తు తిరస్కరించడమైనది." నేరంలో దెబ్బతిన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పరిహారం కోసం దరఖాస్తు పెట్టుకుంటే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఇలాంటి ఒక్క వాక్యపు ఉత్తర్వు చేతికొస్తే చాలా కుటుంబాలు అక్కడితో ఆగిపోతాయి. కోర్టే కేసు కొట్టేశాక ఇక అడిగేదేముంది అనుకుంటాయి. ఊళ్లో పెద్దమనుషులూ అదే మాట అంటారు. చట్టం మాత్రం అలా అనలేదు. కేసు వీగిపోయినా, అసలు చేసిందెవరో తేలకపోయినా, దెబ్బతిన్న మనిషి మళ్లీ నిలదొక్కుకోవడానికి సాయం అవసరమైతే ప్రభుత్వం ఆదుకోవాలన్నదే ఈ పరిహారం ఏర్పాటు వెనకున్న ఉద్దేశం. నేరం ఎవరిదో తేల్చడం ఒక పని. దెబ్బ తగిలినవాడికి ఏం కావాలో చూడటం వేరే పని. తిరస్కరణ ఉత్తర్వుల్లో ఎక్కువగా కలగాపులగమయ్యేవి ఈ రెండే. అప్పీలు రాసేవాళ్లు ముందుగా విడదీయాల్సిందీ వీటినే.

క్రిమినల్ కేసులో బాధితుడికి డబ్బు రెండు చోట్ల నుంచి రావచ్చు. ఒకటి నిందితుడి జేబు. శిక్ష వేసేటప్పుడు కోర్టు జరిమానా విధించి అందులో కొంత బాధితుడికి ఇప్పించవచ్చు, లేదా విడిగా పరిహారం కట్టమనవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీలో ఇది 357వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లో 395వ సెక్షన్. ఇందులో ఇబ్బంది తెలిసిందే. శిక్ష పడాలి, పడ్డవాడి దగ్గర డబ్బుండాలి. రెండోది ప్రభుత్వ ఖజానా. 2008 నాటి సవరణతో సీఆర్‌పీసీలో 357ఏ సెక్షన్ చేరి, 2009 డిసెంబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 396. ప్రతి రాష్ట్రమూ ఒక పథకం పెట్టాలి, నిధి కేటాయించాలి, ఎంత ఇవ్వాలో జిల్లా లేదా రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ తేల్చాలి. ఈ వ్యాసం ఈ రెండో డబ్బు గురించి.

తెలుగు రాష్ట్రాలకు ఈ పథకాలు ఎలా వచ్చాయో కూడా చెప్పుకోవాలి. సెక్షన్ అమల్లోకి వచ్చి అయిదేళ్లు కావస్తున్నా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మధ్యప్రదేశ్, మేఘాలయ తమ పథకాలను నోటిఫై చేయలేదు. 2014 నవంబర్‌లో సురేష్ వర్సెస్ హర్యానా కేసులో సుప్రీంకోర్టు ఈ నాలుగు రాష్ట్రాల పేర్లూ చెప్పి, నెలలోగా పథకాలు తెమ్మని ఆదేశించింది. ఆ తర్వాతే, 2015లో, రెండు తెలుగు రాష్ట్రాల పథకాలూ వచ్చాయి. తండ్రీకొడుకులను అపహరించి చంపిన ఆ కేసులో చనిపోయినవాళ్ల కుటుంబానికి పది లక్షల మధ్యంతర పరిహారం ఇవ్వమని కోర్టు చెప్పింది. అంతకన్నా ముఖ్యంగా, బాధితుడు అడిగేదాకా ఆగకుండా, విచారణ ఏ దశలో ఉన్నా మధ్యంతర పరిహారం అవసరమా అని కోర్టులే చూసుకోవాలని స్పష్టం చేసింది. అప్పీళ్లలో ఈ తీర్పు ఇప్పటికీ గట్టి ఆధారం.

ఇక ఒక మనిషిని ఊహించుకుందాం. నలభై ఏళ్లు, ఆటో నడుపుకుంటాడు. పాత కక్షతో ఒక రాత్రి ఇద్దరు కత్తితో దాడి చేశారు. కుడిచేతి మణికట్టు దగ్గర నరాలు తెగాయి. ప్రాణం దక్కింది కానీ పిడికిలి బిగియదు, హ్యాండిల్ పట్టుకోలేడు. కేసు విచారణకొచ్చేసరికి రెండేళ్లు గడిచాయి. చూసినవాళ్లు కోర్టులో అడ్డం తిరిగారు. నిందితులు బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద, అంటే అనుమానం నిందితుడికి అనుకూలమన్న లెక్కన బయటపడ్డారు. పరిహారం కోసం పెట్టుకున్న దరఖాస్తును మూడు కారణాలతో తోసిపుచ్చారు. కేసు రుజువు కాలేదు. కోర్టు సిఫారసు లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వైద్యం జరిగింది కాబట్టి నష్టం కనిపించడం లేదు. ఈ మూడింటిలో ఒకటి పూర్తిగా తప్పు, ఒకటి సగం తప్పు, ఇంకొకదానిలో కొంత బలం ఉంది. ఏది ఏదో గుర్తుపట్టడంలోనే అప్పీలు సగం పని అయిపోతుంది.

మొదటి కారణం పూర్తిగా తప్పు. 396వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ కేసు కొట్టేసిన సందర్భాన్ని పేరుపెట్టి మరీ చెప్పింది. నిందితుడు నిర్దోషిగా విడుదలైనా, విచారణకు ముందే అతడిని కేసు నుంచి తప్పించినా, బాధితుడికి పునరావాసం అవసరమైతే విచారణ కోర్టు పరిహారానికి సిఫారసు చేయవచ్చు. నాలుగో ఉపసెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. నేరస్తుడు దొరకక, ఎవరో కూడా తెలియక, విచారణే జరగకపోతే బాధితుడు నేరుగా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేరస్తుడెవరో తెలియని కేసులోనే డబ్బు ఇవ్వమన్న చట్టం, నేరస్తుడి మీద కేసు రుజువు కాలేదన్న ఒక్క కారణంతో డబ్బు ఆపమంటుందా? అప్పీలులో ఈ ప్రశ్న ఇంత సూటిగానే రాయాలి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నేరం రుజువు కాలేదనడం వేరు, ఫిర్యాదే అబద్ధమని తేల్చడం వేరు. ఫిర్యాదు అబద్ధమని కోర్టు తేలిస్తే ఇచ్చిన పరిహారాన్ని తిరిగి రాబట్టే నిబంధన, కింద చెప్పబోయే స్త్రీల జాతీయ పథకంలో ఉంది. బెనిఫిట్ ఆఫ్ డౌట్ మీద వచ్చే తీర్పు అలాంటిది కాదు. తీర్పు కాపీలో దాడి జరిగింది, గాయాలు నిజం, కానీ చేసింది వీళ్లేనని నమ్మడానికి ఆధారాలు చాలవు అన్న ధోరణిలో పేరా ఏదైనా ఉందేమో వెతకాలి. చాలా తీర్పుల్లో డాక్టరు సాక్ష్యాన్ని కోర్టు నమ్మిన భాగం ఉంటుంది. ఆ పేరా నంబరు వేసి అప్పీలులో ఎత్తి రాస్తే మొదటి కారణం అక్కడే కూలిపోతుంది. అందుకే తీర్పు పూర్తి కాపీ తీసుకోకుండా అప్పీలు రాయడం మొదలుపెట్టకూడదు.

రెండో కారణం, కోర్టు సిఫారసు లేకపోవడం, కొంచెం చిక్కైనది. సెక్షన్‌ను అక్షరాలా చదివితే నేరుగా దరఖాస్తు పెట్టుకునే హక్కు నేరస్తుడు దొరకని కేసులకే రాసి ఉంది. నిందితుడు దొరికి, విచారణ జరిగి, కేసు వీగిపోయిన చోట సిఫారసు కోర్టు నుంచి రావాలి. కాబట్టి మన ఆటో డ్రైవర్‌కు ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేసే వీలు లేదు. ఇలాంటప్పుడు అప్పీలు ఒక్కటే వేసి కూర్చోకుండా, రెండో తలుపు కూడా తట్టడం మంచిది. విచారణ కోర్టులోనే 396వ సెక్షన్ కింద సిఫారసు కోరుతూ పిటిషన్ వేయవచ్చు. ప్రతి క్రిమినల్ కేసులోనూ పరిహారం సంగతి కోర్టు ఆలోచించి తీరాలని, ఆలోచించినట్టు కారణాల్లో కనిపించాలని 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పులో పరిహారం ఊసే లేదంటే ఆ బాధ్యత నెరవేరలేదనే అర్థం. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కింది. శారీరక గాయాలున్న కేసుల్లో, ముఖ్యంగా స్త్రీలు, మైనర్లపై లైంగిక దాడుల కేసుల్లో, తీర్పు ఇచ్చేటప్పుడే సెషన్స్ కోర్టులు బాధితుల పరిహారానికి ఆదేశించాలంది.

స్త్రీల విషయంలో ఈ చిక్కు చాలావరకు లేదు. లైంగిక దాడులు, యాసిడ్ దాడులు, ఇతర నేరాలకు గురైన స్త్రీల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, మనవాళ్లు నల్సా అనేది, 2018లో ప్రత్యేక పథకం తయారుచేసింది. నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించి 2018 అక్టోబర్ 2 నుంచి దేశమంతటా అమలు చేయమంది. రాష్ట్రాలు దానికి కలుపుకోవచ్చు, అందులోంచి తీసేయకూడదని కూడా చెప్పింది. పిల్లల కోసం వేరే నిబంధనలు వచ్చేదాకా, పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద నడిచే కోర్టులకు కూడా ఇదే మార్గదర్శకమంది. ఈ పథకం కింద బాధితురాలు ఎఫ్‌ఐఆర్ కాపీతో నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. తీర్పు కోసం ఆగనక్కర్లేదు. సిఫారసు లేదని ఒక స్త్రీ దరఖాస్తును తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు ఈ పథకానికే విరుద్ధం. అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు, ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు, యాసిడ్‌తో ముఖం వికృతమైతే 7 నుంచి 8 లక్షలు. బాధితురాలు మైనరైతే పై పరిమితి మరో సగం పెరుగుతుంది. దాడికి గురైన మగవాడికి మాత్రం రాష్ట్ర పథకమే గతి. గాయం ఒకటే అయినా స్త్రీకి ఉన్నంత స్పష్టమైన దారి పురుషుడికి లేకపోవడం ఈ వ్యవస్థలో పెద్ద లోటు.

మూడో కారణం, ఉచిత వైద్యం, సగం తప్పు. అనేక రాష్ట్రాల పథకాల్లో, అదే నష్టానికి మరో ప్రభుత్వ పథకం నుంచో బీమా నుంచో పరిహారం పొంది ఉండకూడదన్న షరతు ఉంటుంది. దాన్ని చూసి ఎక్కడ ఏ సాయం అందినా దరఖాస్తు మూసేస్తారు. కానీ ప్రశ్న ఏ నష్టానికి అందిందన్నది. ఆసుపత్రి బిల్లు ప్రభుత్వం భరించింది సరే, ఆటో తోలలేని రెండేళ్ల సంపాదన ఎవరు భరించారు? కిస్తీలు కట్టలేక ఫైనాన్స్ వాళ్లు బండి తీసుకుపోతే ఆ నష్టం ఎవరిది? కూడా ఉన్న భార్య కూలి పోగొట్టుకుంది కదా? ఎంత ఇవ్వాలో తేల్చేటప్పుడు చూడాల్సిన విషయాల్లో వైద్యం ఖర్చు ఒకటి మాత్రమేనని నల్సా పథకం చెబుతుంది. నేరం తీవ్రత, ఉద్యోగం పోవడం, చదువు ఆగిపోవడం, వైకల్యం, ఇంటి ఆర్థిక పరిస్థితి, మనిషి చనిపోతే వయసు, నెలసరి ఆదాయం, మీద ఆధారపడ్డవాళ్ల సంఖ్య, ఇవన్నీ అందులో ఉన్నాయి. అది స్త్రీల పథకమైనా పరిహారమంటే ఏమేమి లెక్కలోకి రావాలో చూపడానికి పురుషుడి అప్పీలులోనూ ఉదాహరించవచ్చు.

ఈ కారణానికి జవాబు వాదనతో కాక కాగితాలతో ఇవ్వాలి. ఇక్కడే చాలా దరఖాస్తులు మొదటిసారి ఓడిపోతాయి. కూలీకి, డ్రైవర్‌కు ఆదాయం రుజువు ఎక్కడుంటుంది అని వదిలేస్తారు. ఆటో యూనియన్ ఇచ్చే లెటర్, ఫైనాన్స్ కంపెనీ రికవరీ నోటీసు, దాడికి ముందు ఆరు నెలల బ్యాంకు పాస్‌బుక్కు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పిల్లలు స్కూలు మానేసిన టీసీ, వీటిలో ఏది ఉన్నా నష్టానికి ఆనవాలే. వైకల్యానికి సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఉంటే అంతకన్నా బలమైన కాగితం లేదు. దాడి జరిగిన నాటికి లేని వైకల్యం తర్వాత స్థిరపడింది కాబట్టి, మొదటి దరఖాస్తులో ఆ సర్టిఫికెట్ లేకపోవడం సహజం. అప్పీలులో కొత్తగా జతచేస్తున్నామని, అప్పట్లో ఎందుకు లేదో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

ఆటో డ్రైవర్‌కు ఎదురుకాని కారణాలూ కొన్ని ఉన్నాయి. అందులో తరచుగా వచ్చేది గాయం చిన్నదన్న మాట. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు వూండ్ సర్టిఫికెట్ మీద సింపుల్ అని రాస్తే ఆ ఒక్క మాట కేసంతా వెంటాడుతుంది. పథకాల షెడ్యూళ్లలో మొత్తాలు తీవ్ర గాయాలకే ఉంటాయి కాబట్టి దరఖాస్తు బయటికి పోతుంది. తీవ్ర గాయం అంటే ఎముక విరగడం, అవయవం పోవడమే కాదు. పాత ఐపీసీ 320వ సెక్షన్ ప్రకారం ఇరవై రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో ఆ ఇరవై రోజులు పదిహేనుకు తగ్గాయి. అంటే కొత్త చట్టం వచ్చాక జరిగిన దాడిలో పదహారు రోజులు మంచం మీద ఉన్నా చాలు. దాడి జరిగిన రాత్రి రాసిన సర్టిఫికెట్‌లో ఈ సంగతి ఎలాగూ తెలియదు. డిశ్చార్జ్ సమ్మరీ, తర్వాతి ఓపీ చీటీలు, ఫిజియోథెరపీ రికార్డు వరసగా పెడితే రోజుల లెక్క తేలుతుంది. కేసు నడుస్తూ ఉంటే పోలీసులను అడిగి డాక్టరు తుది అభిప్రాయం కూడా తెప్పించుకోవచ్చు.

ఆలస్యం మరో కారణం. నల్సా పథకంలో గడువు మూడేళ్లు, నేరం జరిగిన నాటి నుంచో విచారణ ముగిసిన నాటి నుంచో. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే వీలూ ఉంది. పాత నేరం కాబట్టి పథకం వర్తించదని తిరస్కరించిన చోట కేరళ హైకోర్టు 2020 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పు ఉపయోగపడుతుంది. నేరస్తుడు దొరకని కేసుల్లో, 2009 డిసెంబర్ 31కి ముందు జరిగిన ఘటనలకు కూడా బాధితులు పరిహారం అడగవచ్చని ఆ కోర్టు చెప్పింది. వేరే రాష్ట్ర హైకోర్టు తీర్పు ఇక్కడ కట్టుబాటు కాదు, ఒప్పించడానికి మాత్రం పనికొస్తుంది. పోలీసులకు సహకరించలేదన్న మాట రాస్తే, ఏ తేదీన పిలిచారు, ఏ తేదీన వెళ్లలేదు అని అడగాలి. వాంగ్మూలం ఇచ్చి, కోర్టులో సాక్ష్యం చెప్పి వచ్చిన బాధితుడికి ఆ మాట అంటగట్టడం కుదరదు.

ఇప్పుడు అప్పీలు ఎక్కడ, ఎప్పటిలోగా అన్నది. ఇక్కడ జనం ఎక్కువగా తికమకపడతారు, ఎందుకంటే వేర్వేరు ఉత్తర్వులకు వేర్వేరు దారులు. నల్సా పథకం కింద జిల్లా సంస్థ కార్యదర్శి ఇచ్చిన మొత్తంతో తృప్తి లేకపోతే, ఉత్తర్వు అందిన ముప్పై రోజుల్లోగా జిల్లా సంస్థ చైర్‌పర్సన్, అంటే ప్రిన్సిపల్ జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లాలి. అనేక రాష్ట్రాల సాధారణ పథకాల్లో జిల్లా సంస్థ పరిహారం నిరాకరిస్తే తొంభై రోజుల్లో రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు అప్పీలు. ఉత్తర్వు ఏ పథకం కింద వచ్చిందో చూసి అందులోని అప్పీలు నిబంధన చదువుకోవాలి. అది తేలేలోపు, ముప్పై రోజులే తన గడువు అనుకుని పని మొదలుపెట్టడం క్షేమం. గడువు దాటినా తలుపు మూసుకున్నట్టు కాదు. ఆలస్యానికి కారణం చెబుతూ విడిగా ఒక పిటిషన్ జతచేయాలి. ఆసుపత్రిలో ఉండటం, ఉత్తర్వు కాపీ ఆలస్యంగా అందడం, చదువు రాకపోవడం, ఇవన్నీ చెప్పదగ్గ కారణాలే.

ఉత్తర్వు కోర్టుదైతే దారి వేరు. నిందితుడికి శిక్ష పడి, అతడి నుంచి ఇప్పించిన పరిహారం చాలకపోతే, లేదా నిందితుడు విడుదలైతే, బీఎన్‌ఎస్‌ఎస్ 413 కింద బాధితుడికే స్వయంగా అప్పీలు హక్కు ఉంది. ఇది పాత 372వ సెక్షన్. ప్రభుత్వం అప్పీలు చేస్తుందేమోనని ఎదురుచూడాల్సిన పనిలేదు. పోక్సో కేసుల్లో 2020 నిబంధనల్లోని తొమ్మిదో నిబంధన ప్రకారం ప్రత్యేక కోర్టే ఎఫ్‌ఐఆర్ నమోదైన తర్వాత ఎప్పుడైనా మధ్యంతర పరిహారం ఇవ్వవచ్చు, నిందితుడు విడుదలైనా తుది పరిహారం సిఫారసు చేయవచ్చు, ప్రభుత్వం ముప్పై రోజుల్లో చెల్లించాలి. అక్కడ కాదంటే హైకోర్టే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కలెక్టర్ ద్వారా వచ్చే సాయం దీనితో సంబంధం లేని మరో దారి, దాని లెక్కలు, దశలు 1995 నిబంధనల షెడ్యూలులో వేరుగా ఉన్నాయి. ఇది ఆగిందని అది వదులుకోకూడదు, అది వచ్చిందని ఇది అడగకూడదనీ లేదు.

అప్పీలు తెలుగులోనే రాసుకోవచ్చు. పొడవు అక్కర్లేదు. ఉత్తర్వు తేదీ, అందిన తేదీ, ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు, కోర్టు కేసు నంబరు మొదట. తర్వాత ఉత్తర్వులోని కారణాలను వాళ్ల మాటల్లోనే ఒక్కొక్కటిగా ఎత్తి రాసి, ప్రతి కారణం కింద జవాబు, ఆ జవాబుకు ఆధారమైన కాగితం నంబరు. తాము పడిన కష్టమంతా మొదటి పేజీలో గుమ్మరించి, కారణాలకు జవాబు చెప్పకుండా ముగించే అప్పీళ్లు సానుభూతి తెస్తాయి గానీ ఉత్తర్వును మార్చలేవు. కారణమే రాయకుండా తిరస్కరించి ఉంటే, అది స్పీకింగ్ ఆర్డర్ (కారణాలు చెప్పే ఉత్తర్వు) కాదని, విచారణకు పిలిచి మాట వినలేదని రాయాలి. మళ్లీ మొదటి నుంచి పరిశీలించమని పంపడానికి ఆ ఒక్కటీ చాలు. ఎఫ్‌ఐఆర్ కాపీ బాధితుడికి ఉచితంగా ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ 173 చెబుతోంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా తెలియజేయాలని 193 చెబుతోంది. నేరస్తుడు దొరకలేదంటూ పోలీసులు కేసు మూసేస్తే ఆ తుది నివేదిక కాపీ తప్పనిసరిగా తీసుకోవాలి. నేరుగా దరఖాస్తు పెట్టుకునే హక్కుకు అదే తాళంచెవి.

లాయరు ఖర్చుకు భయపడి ఆగేవాళ్లకు ఒక మాట. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మిగతావాళ్లలో ఎక్కువమందికి ఆదాయ పరిమితి ఉంది. మండల కోర్టుల దగ్గర ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీలోనో, 15100 నంబరుకు ఫోన్ చేసో అడగవచ్చు. తిరస్కరించిన సంస్థనే లాయర్‌ను ఇమ్మని అడగడం ఎబ్బెట్టుగా అనిపించవచ్చు. అలా అనిపిస్తే రాష్ట్ర సంస్థకు నేరుగా రాసి అడగడంలో తప్పులేదు. అసలు మన ఏర్పాటులోని బలహీనతే ఇది. దరఖాస్తు చూసేవారు, అప్పీలు వినేవారు, లాయర్‌ను ఇచ్చేవారు, ముగ్గురూ ఒకే గొడుగు కింద ఉన్నారు. చైర్‌పర్సన్లు న్యాయమూర్తులే కాబట్టి నిష్పాక్షికతను శంకించనక్కర్లేదు, కానీ అప్పీలును ఎన్ని రోజుల్లో తేల్చాలన్న కట్టుబాటు లేకపోతే బాధితుడికి ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. దరఖాస్తుపై మొదటి పరిశీలనకు చట్టం రెండు నెలలు గడువు పెట్టింది. అప్పీలుకూ అలాంటి గడువు ఉండి తీరాలి.

బ్రిటన్‌లో ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో చూస్తే తేడా తెలుస్తుంది, అక్కడ చదువుకుంటున్న, నర్సులుగా, ఐటీలో పనిచేస్తున్న తెలుగువాళ్లకూ పనికొస్తుంది. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లలో 1964 నుంచే హింసాత్మక నేరాల బాధితులకు ప్రభుత్వ పరిహారం ఉంది. గ్లాస్గోలోని క్రిమినల్ ఇంజురీస్ కంపెన్సేషన్ అథారిటీ దరఖాస్తులు చూస్తుంది. 2012 పథకంలో గాయాల టారిఫ్, అంటే ఏ గాయానికి ఎంత అన్న పట్టిక, 1,000 పౌండ్ల నుంచి 2,50,000 దాకా, అన్నీ కలిపి గరిష్ఠం 5,00,000. నేరస్తుడికి శిక్ష పడాలన్న నియమం లేదు. దాడి జరిగే నాటికి బ్రిటన్‌లో సాధారణ నివాసం ఉండటం అర్హత దారుల్లో ఒకటి, కాబట్టి పాస్‌పోర్టు మన దేశానిదైనంత మాత్రాన వదులుకోకూడదు. దరఖాస్తుకు సాధారణంగా రెండేళ్లు. కాదంటే 56 రోజుల్లో అదే సంస్థలో మరో అధికారి చేత రివ్యూ, అక్కడా కాదంటే 90 రోజుల్లో ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కు అప్పీలు. ఆ ట్రిబ్యునల్‌కు అథారిటీతో సంబంధం లేదు, కేసును మొదటి నుంచి తానే చూస్తుంది. అందులో ఒక ప్రమాదమూ ఉంది. మొత్తం చాలలేదని అప్పీలుకు వెళ్తే ఉన్నదీ తగ్గవచ్చు, పూర్తిగా పోనూవచ్చు. తిరస్కరణకు ఆధారమయ్యే నిబంధనల్లో కొన్ని: పోలీసులకు వెంటనే చెప్పకపోవడం, దర్యాప్తుకు సహకరించకపోవడం, దరఖాస్తుదారుడి పాత శిక్షలు. వీసా భయంతో పోలీసుల దగ్గరికి వెళ్లని విద్యార్థికి మొదటిదే అడ్డం పడుతుంది. వయసో, మానసిక సామర్థ్యమో, ఆ దాడి మనిషి మీద చూపిన ప్రభావమో ఆలస్యానికి కారణమైతే దాన్ని లెక్కలోకి తీసుకోవాలని పథకమే చెబుతుంది, ఆ సంగతి రివ్యూలోనే రాయాలి.

మన దగ్గరికి తిరిగొస్తే, అప్పీలు కూడా పోతే, లేదా నెలలు గడిచినా ఏ సంగతీ తేల్చకపోతే, మిగిలింది రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్. పరిహారం మంజూరై నిధులు లేవన్న మాటతో ఖాతాలో పడకపోయినా దారి అదే. అది తిరస్కరణ కాదు కాబట్టి అప్పీలు కాదు, చెల్లించమని ఆదేశం కోరడం. కేంద్రం నిర్భయ నిధి నుంచి రాష్ట్రాల పథకాలకు ఊతంగా 200 కోట్లు ఒకేసారి ఇచ్చింది. ఆ తర్వాత భారం రాష్ట్ర బడ్జెట్లదే. మంజూరైన మొత్తం అంతా ఒకేసారి చేతికి రాకపోతే కంగారుపడనక్కర్లేదు. నల్సా పథకంలో 75 శాతం కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, 25 శాతం వెంటనే వాడుకోవచ్చు.

ఆటో డ్రైవర్ అప్పీలు చివరి పేజీలో మూడు కోరికలుండాలి. తిరస్కరణ ఉత్తర్వు రద్దు చేయాలి. తన మాట విని, కొత్త కాగితాలు చూసి, రెండు నెలల్లో మళ్లీ తేల్చాలి. అప్పటిదాకా చేతి ఆపరేషన్‌కు, ఇల్లు గడవడానికి మధ్యంతర సాయం ఇవ్వాలి. కింద సంతకం, లేదా ఎడమచేతి వేలిముద్ర. దాఖలు చేసిన రోజే ఆఫీసు ముద్ర వేయించుకున్న రెండో కాపీ తన దగ్గర ఉండాలి. ఇంకొకటి, చిన్నదిగా కనిపించేది. బండి పోయాక అతడు అద్దె ఇల్లు ఖాళీ చేసి అక్క వాళ్లింట్లో ఉంటున్నాడు. నోటీసులు మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న పాత చిరునామాకే వెళ్తాయి, అక్కడ ఎవరూ లేరని తిరిగొస్తాయి, పిలిచినా రాలేదని ఫైలు మూస్తారు. కాబట్టి కొత్త చిరునామా, పనిచేసే ఫోన్ నంబరు, అక్క కొడుకు నంబరు కూడా మొదటి పేజీ మీదే, పేరు పక్కనే రాయాలి.